వంద ప్రశ్నలు 128 అయ్యాక: అమ్మానాన్నలను అమెరికా సిటిజన్‌షిప్ టెస్ట్‌కు ఎలా తయారు చేయాలి

మా అమ్మ తెనాలిలో తెలుగు మీడియంలో పదో తరగతి వరకు చదివింది. 67 ఏళ్ల వయసులో డాలస్‌లో మా వంటింటి బల్ల దగ్గర కూర్చుని, కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని అడిగింది: "ఒరేయ్, ఈ హామిల్టన్ ఎవడ్రా? మొన్నటి దాకా లేడుగా!"

నిజమే, పాత లిస్టులో ఆయన మీద విడిగా ప్రశ్న లేదు. అమ్మ అంతకు ముందే పాత వంద ప్రశ్నలు దాదాపు నోటికి పట్టేసింది. ఆ తర్వాతే లిస్టు మారింది. మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. అప్పుడు మేం చేసిన పనులు, చేసిన తప్పులు ఇక్కడ రాస్తున్నాను. మీరే రాసేటట్టయితే ఇందులో సగం మీకు అక్కర్లేదు, ఆఫీసులో రోజంతా ఇంగ్లీషు మాట్లాడేవాళ్లు రెండు వారాలు చదివితే సరిపోతుంది. అమ్మనో, నాన్ననో, అత్తయ్యనో తయారు చేయాల్సినవాళ్ల కోసం ఇది.

ముందు రసీదు తీయండి

ఏ టెస్టు రాయాలన్నది ఇంటర్వ్యూ తేదీని బట్టి ఉండదు. సిటిజన్‌షిప్ కోసం పెట్టే ఎన్-400 అప్లికేషన్ ఎప్పుడు వేశారన్నదే లెక్క. 2025 అక్టోబర్ 20కి ముందు వేసినవాళ్లకు 2008 నాటి పాత టెస్టు. ఆ రోజున గానీ, ఆ తర్వాత గానీ వేస్తే కొత్త టెస్టు. అమెరికా ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ పంపిన రసీదు మీద రెండు తేదీలు కనిపిస్తాయి. అప్లికేషన్ వాళ్లకు అందిన తేదీ చూడండి, నోటీసు ముద్రించిన తేదీ కాదు.

పాత టెస్టులో వంద ప్రశ్నలు చదవాలి, ఆఫీసర్ పది దాకా అడుగుతారు, ఆరు చెబితే పాస్. కొత్తదానిలో చదవాల్సినవి 128, అడిగేవి 20 దాకా, పాస్ కావడానికి 12 కావాలి. నిష్పత్తి చూస్తే అదే 60 శాతం. 12 సరైన సమాధానాలు రాగానే ఆఫీసర్ ఆపేస్తారు. తొమ్మిది తప్పులు పోయినా ఆపేస్తారు, అంటే ఫెయిల్. ఎనిమిది తప్పుల దాకా వెసులుబాటు ఉందన్నమాట. ఈ ఒక్క ముక్క అమ్మకు అర్థమయ్యేలా చెబితే సగం టెన్షన్ పోయింది. "ఒకటి తప్పితే పంపించేస్తారేమో" అనే భయంతోనే ఆవిడ అప్పటి దాకా చదువుతోంది.

128 ప్రశ్నలతో టెస్టు రావడం ఇదే మొదటిసారి కాదు. 2020 డిసెంబర్‌లో ఇలాంటిదే వచ్చింది, 2021 మార్చిలో దాన్ని తీసేసి మళ్లీ పాతదే పెట్టారు. ఇప్పుడు వచ్చింది ఆ 2020 టెస్టునే కాస్త సవరించి తెచ్చినది. ఇక్కడే నేను తప్పులో కాలేశాను. ఇంటర్‌నెట్‌లో 128 ప్రశ్నల పీడీఎఫ్ దొరకగానే సంబరపడి ప్రింట్ తీశాను. రెండు వారాలు చదివించాక పైన చూస్తే 2020 అని ఉంది. ప్రశ్నల సంఖ్య ఒకటే కాబట్టి అనుమానమే రాలేదు. మీరు యూఎస్‌సీఐఎస్ వెబ్‌సైట్ నుంచే తీసుకోండి, మొదటి పేజీలో 2025 అని ఉందో లేదో చూసుకోండి. ఫోన్‌లో ఎప్పుడో దింపుకున్న యాప్ ఉంటే అది కూడా ఏ సంవత్సరందో చూడండి.

ఇంకా అప్లికేషన్ వేయనివాళ్లు ప్రయాణాల లెక్క కూడా తీయండి. మన పెద్దవాళ్లకు టెస్టు కంటే ఇక్కడే ఎక్కువ చిక్కు వస్తుంది. అప్లికేషన్‌కు ముందు ఐదేళ్లలో కనీసం 30 నెలలు అమెరికాలో ఉండాలి. ఒకే విడతలో ఆరు నెలలు దాటి ఇండియాలో ఉండిపోతే ప్రశ్నలు వస్తాయి, ఏడాది దాటితే ఐదేళ్ల లెక్క తెగిపోతుంది. సంక్రాంతికి వెళ్లి, మామిడిపళ్లు తిని, వానలు పడ్డాక వద్దాంలే అనుకునే నాన్నలకు ఇది ముందే చెప్పాలి. గ్రీన్ కార్డు మీద ఐదేళ్లు నిండడానికి 90 రోజుల ముందు నుంచి అప్లై చేయవచ్చు. ఫీజు ఆన్‌లైన్‌లో 710 డాలర్లు, కాగితం మీద 760.

"పెద్దవాళ్లం కదా, మినహాయింపు ఉంటుంది" అనే మాట

గుడిలో, బర్త్‌డే పార్టీల్లో ఎక్కువగా వినిపించేది ఇదే. ఉంది గానీ, మన అమ్మానాన్నల్లో చాలామందికి అది వర్తించదు.

50 ఏళ్లు నిండి, గ్రీన్ కార్డు మీద 20 ఏళ్లు ఉన్నవాళ్లకు, 55 నిండి 15 ఏళ్లు ఉన్నవాళ్లకు ఇంగ్లీషు పరీక్ష ఉండదు. సివిక్స్ ప్రశ్నలకు, అంటే ప్రభుత్వం, చరిత్రల మీద అడిగే ఈ ప్రశ్నలకు, దుబాసీని పెట్టుకుని తెలుగులోనే జవాబు చెప్పవచ్చు. అయితే చదవాల్సిన 128 ప్రశ్నలు మాత్రం తగ్గవు. 65 నిండి 20 ఏళ్లు గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్లకు ఇంకా సులువు. నక్షత్రం గుర్తున్న 20 ప్రశ్నలే చదవాలి, పది అడుగుతారు, ఆరు చెబితే చాలు. అదీ తెలుగులోనే చెప్పవచ్చు.

వయసుతో పాటు గ్రీన్ కార్డు ఏళ్లు కూడా కలవాలని చూశారు కదా. కొడుకో కూతురో సిటిజన్ అయ్యాక 60 దాటాక వచ్చిన తల్లిదండ్రులకు ఐదారేళ్లే అవుతాయి. 75 ఏళ్ల తాతగారైనా సరే, గ్రీన్ కార్డు వచ్చి ఆరేళ్లే అయితే మొత్తం టెస్టు ఇంగ్లీషులోనే ఇవ్వాలి. మతిమరుపు వ్యాధి లాంటి ఆరోగ్య కారణాలుంటే డాక్టర్ నింపే ఎన్-648 ఫారం ఉంది. వయసు మీద పడిందనో, చదువు రాదనో దాన్ని పెట్టడానికి లేదు.

128ని కుప్పలు పెట్టండి

రోజుకు రెండు ప్రశ్నలు, ఆదివారం పాతవి తిరగేయడం. ఇలా చేస్తే పదకొండు వారాలకు మొత్తం అవుతుంది. అమ్మ చేతికి 128 ప్రశ్నల కట్ట ఒక్కసారిగా ఇవ్వకండి, చూసి బెదిరిపోతారు. నేను అట్ట ముక్కల మీద రాసి, పాత బిస్కెట్ డబ్బాలో వేశాను. నోటికి వచ్చినవి ఒక డబ్బాలో, రానివి ఇంకో డబ్బాలో. రానివాటి డబ్బా ఖాళీ అవుతుంటే ఆవిడకే హుషారు వచ్చింది.

ఒక్కో ప్రశ్న కింద చాలా జవాబులు ఉంటాయి. చాలామంది అన్నీ బట్టీ పట్టిస్తారు. ప్రశ్నలో రెండు చెప్పమనో మూడు చెప్పమనో లేకపోతే ఒక్కటి చాలు. ఉన్నవాటిలో పొట్టిది, నోరు తిరిగేది ఏరుకుని దాని కింద గీత పెట్టండి, మిగతావి కొట్టేయండి. మొదటి ప్రశ్నే తీసుకోండి. అమెరికాది ఏ తరహా ప్రభుత్వం? జవాబుల్లో 'కాన్‌స్టిట్యూషన్ బేస్డ్ ఫెడరల్ రిపబ్లిక్' అనే పొడుగాటిది ఉంది, 'రిపబ్లిక్' అనే ఒక్క మాట కూడా ఉంది. అమ్మకు రిపబ్లిక్ డే చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ పొడుగాటి జవాబు మాకెందుకు?

ఒకే జవాబుతో తీరిపోయే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి, వాటిని ఒక కట్టగా కట్టండి. కొరియా యుద్ధంలోకి ఎందుకు దిగారు? కమ్యూనిజం పాకకుండా ఆపడానికి. వియత్నాంలోకి? అందుకే. కోల్డ్ వార్ కాలంలో అమెరికాను బాగా కలవరపెట్టిందేమిటి? అదే, కమ్యూనిజం. మూడు ప్రశ్నలు ఒక్క మాటతో పోయాయి. కోస్తా జిల్లాల్లో పుట్టి పెరిగినవాళ్లకు ఆ మాటను కొత్తగా నేర్పాల్సిన పనీ లేదు.

మొదటి 13 రాష్ట్రాల్లో ఐదు చెప్పమనే ప్రశ్న ఉంది. దీనికి అమ్మే దారి కనిపెట్టింది: మూడు న్యూలు, రెండు కరోలినాలు. న్యూయార్క్, న్యూజెర్సీ, న్యూ హాంప్‌షైర్, నార్త్ కరోలినా, సౌత్ కరోలినా. సరిగ్గా ఐదు. న్యూ మెక్సికోను మాత్రం ఆ లిస్టులో కలపకుండా చూసుకోండి.

ఇక మనుషులు. కొత్త టెస్టులో పెద్దవాళ్లను ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఈ కుప్పే. ఫలానా ఆయన చాలావాటికి ప్రసిద్ధుడు, ఒకటి చెప్పండి అంటారు. ఒక్కొక్కరికి ఒకే ముక్క తగిలించండి. వాషింగ్టన్ మొదటి ప్రెసిడెంట్, జెఫర్సన్ మూడో ప్రెసిడెంట్, మాడిసన్ రాజ్యాంగానికి తండ్రి, హామిల్టన్ మొదటి ట్రెజరీ సెక్రటరీ, ఐసెన్‌హోవర్ 34వ ప్రెసిడెంట్. మాడిసన్‌ను మన అంబేద్కర్ పక్కన పెట్టి చెప్పాను, మళ్లీ మరిచిపోలేదు. హామిల్టన్ పది డాలర్ల నోటు మీద ఉంటాడు. ఒక నోటు తెచ్చి ఫ్రిజ్ మీద అయస్కాంతం పెట్టి అంటించాను. "డబ్బు మీద ఉన్నాడు కాబట్టి డబ్బు మంత్రి" అని అమ్మ లెక్క. ఆ ప్రశ్నకు ఇక ఢోకా లేదు.

మనకు తెలిసినదానితో ముడిపెట్టండి

మన పెద్దవాళ్లకు ప్రభుత్వం అంటే తెలియదనుకోకండి. పేపర్ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివినవాళ్లు, ఎన్నికల ఫలితాల రోజు టీవీ ముందు నుంచి లేవనివాళ్లు. తెలియనిది ఇక్కడి పేర్లే. కొత్తగా నేర్పడం కంటే పోల్చి చెప్పడం తేలిక.

అందరూ తికమక పడే జంట: డిక్లరేషన్ ఆఫ్ ఇండిపెండెన్స్, కాన్‌స్టిట్యూషన్. మనకు ఆగస్టు 15 ఉంది, జనవరి 26 ఉంది. రెండూ జెండా పండగలే, కానీ ఒకటి స్వాతంత్ర్యం వచ్చిన రోజు, ఇంకోటి రాజ్యాంగం అమలైన రోజు. ఇక్కడా అంతే. 1776 డిక్లరేషన్‌ది, 1787 రాజ్యాంగం రాసినది. మనకు మధ్యలో రెండున్నరేళ్లు, వీళ్లకు పదకొండేళ్లు.

హౌస్ ఆఫ్ రిప్రజెంటేటివ్స్ మన లోక్‌సభ లాంటిది. 435 మంది, రెండేళ్ల పదవి. సెనేట్ రాజ్యసభ లాంటిది. వంద మంది, ఆరేళ్లు. రాజ్యసభ సభ్యుడికీ ఆరేళ్లే కాబట్టి ఆ అంకె వెంటనే ఎక్కుతుంది. అయితే రాజ్యసభలో పెద్ద రాష్ట్రానికి ఎక్కువ సీట్లు, ఇక్కడ చిన్నదైనా పెద్దదైనా రాష్ట్రానికి ఇద్దరే. యాభై రాష్ట్రాలు, ఇద్దరేసి, వంద. సుప్రీంకోర్టులో తొమ్మిది మంది. మన జడ్జీలు 65కు రిటైర్ అవుతారు, వీళ్లకు ఆ లెక్క లేదు, జీవితాంతం ఉండవచ్చు.

గవర్నర్ దగ్గర మాత్రం పోలిక బెడిసికొడుతుంది. మన దృష్టిలో గవర్నర్ అంటే ఢిల్లీ వాళ్లు పంపితే రాజ్‌భవన్‌లో ఉండే పెద్దమనిషి. ఇక్కడి గవర్నర్ ఓట్లతో గెలిచి రాష్ట్రాన్ని నడిపే మనిషి, అంటే మన ముఖ్యమంత్రి. "సీఎం ఎవరమ్మా?" అని అడిగితే టెక్సాస్ గవర్నర్ గ్రెగ్ అబట్ పేరు టక్కున చెప్పేది.

మీ రాష్ట్రాన్ని బట్టి మారే జవాబులు

మీ సెనేటర్, మీ నియోజకవర్గం రిప్రజెంటేటివ్, మీ గవర్నర్, మీ రాష్ట్ర రాజధాని. ఈ జవాబులు పుస్తకంలో ఉండవు, మీరే రాసుకోవాలి. రాజధాని దగ్గర మనవాళ్లు తరచుగా పొరబడతారు, మనం ఉండే ఊరు రాజధాని కాదు కాబట్టి. డాలస్, హ్యూస్టన్ వాళ్లకు ఆస్టిన్. ఎడిసన్‌లో ఉన్నా న్యూజెర్సీకి ట్రెంటన్. సియాటిల్ వైపు వాళ్లకు ఒలింపియా. షికాగో వాళ్లకు స్ప్రింగ్‌ఫీల్డ్.

మేరీల్యాండ్‌లో ఉండేవాళ్లకు ఒక ముచ్చట. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2023 నుంచి అక్కడ లెఫ్టినెంట్ గవర్నర్. మన ఆడపడుచు అన్న ఉత్సాహంలో ఆమె పేరు చెప్పేయకండి, అడిగేది గవర్నర్ పేరు. వైస్ ప్రెసిడెంట్ పేరు మాత్రం తెలుగిళ్లలో ఎవరికీ నేర్పక్కర్లేదు. ఉషా చిలుకూరి పెళ్లాడిన జేడీ వాన్స్‌ను "మన అల్లుడు" అనే అంటున్నారు కదా అందరూ.

ప్రెసిడెంట్, వైస్ ప్రెసిడెంట్, స్పీకర్, చీఫ్ జస్టిస్ లాంటి పేర్లు ఎన్నికలతో, రాజీనామాలతో మారుతాయి. ఇంటర్వ్యూ రోజున పదవిలో ఉన్నవాళ్ల పేరే చెప్పాలి. వారం ముందు యూఎస్‌సీఐఎస్ సైట్‌లో టెస్ట్ అప్‌డేట్స్ పేజీ ఒకసారి తెరిచి సరిచూసుకోండి.

కళ్లతో కాదు, చెవితో చదివించండి

సివిక్స్ టెస్టు రాత పరీక్ష కాదు. ఆఫీసర్ అడుగుతారు, మనం చెప్పాలి. అట్ట ముక్క చూసి గడగడా చెప్పే మా అమ్మ, అదే ప్రశ్న మా పాప అడిగితే బిక్కమొహం వేసింది. పాప ఇక్కడ పుట్టి పెరిగింది. దాని నోట్లో 'ట్వెంటీ' అనే మాట 'ట్వెనీ' అవుతుంది, 'సెనేటర్' కాస్తా 'సెనడర్' అవుతుంది. నా తెలుగు ఇంగ్లీషుకు అలవాటుపడ్డ చెవికి అది వేరే భాష.

ఆ రోజు నుంచి ప్రశ్నలు అడిగే పని పాపకే అప్పగించాను. సాయంత్రం స్కూల్ నుంచి రాగానే నా పాత కోటు వేసుకుని, బల్లకు అవతల కూర్చుని, "గుడ్ మార్నింగ్ మేడమ్, ప్లీజ్ రైజ్ యువర్ రైట్ హ్యాండ్" అనేది. నానమ్మ పప్పులో పోపు ఆపేసి వచ్చి చెయ్యెత్తేది. పిల్లలు లేని ఇంట్లో పక్కింటి అమెరికన్ ఎవరైనా ప్రశ్నలు చదువుతుంటే ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ప్రశ్న తర్వాత ఐదు సెకన్లు ఖాళీ వదలండి, వాకింగ్‌కు వెళ్లినప్పుడు చెవిలో పెట్టుకుని జవాబు చెప్పుకుంటూ నడవవచ్చు.

ప్రశ్న మొత్తం అర్థం కాకపోయినా ఒక్కో ప్రశ్నలో ఒక తాళం మాట ఉంటుంది. జెండా గురించి అడుగుతూ స్ట్రైప్స్ (చారలు) అని వినబడితే 13 కాలనీలు. స్టార్స్ అని వినబడితే 50 రాష్ట్రాలు. అట్ట మీద ఆ మాటను ఎర్ర పెన్నుతో రాయండి.

వినబడకపోతే "ప్లీజ్ రిపీట్" అనవచ్చు. మన పెద్దవాళ్లకు ఆఫీసర్‌ను మళ్లీ అడగడం అమర్యాద అనిపిస్తుంది. కాదని నమ్మించడానికి మాకు వారం పట్టింది. ఇంట్లోనే కావాలని అస్పష్టంగా అడిగి, "ప్లీజ్ రిపీట్" అనే దాకా ఊరుకునేవాళ్లం.

ఇంగ్లీషు: చదవడం, రాయడం, తల ఊపడం

సివిక్స్ ప్రశ్నలు మారాయి గానీ ఇంగ్లీషు భాగం అలాగే ఉంది. మూడు వాక్యాల్లో ఒకటి సరిగ్గా చదవాలి. మూడింటిలో ఒకటి ఆఫీసర్ చెబితే రాయాలి. మాటల లిస్టు సైట్‌లోనే ఉంది, చిన్నదే. నెలల్లో ఫిబ్రవరి స్పెల్లింగ్, పండగల్లో థాంక్స్‌గివింగ్ కాస్త రాయించండి. టాబ్లెట్ మీద స్టైలస్‌తో రాయాల్సి ఉంటుంది, అది కాగితం మీద రాసినట్టు ఉండదు. ఇంట్లో ఐప్యాడ్ ఉంటే దాని మీద పది రోజులు రాయిస్తే చెయ్యి కుదురుకుంటుంది.

మాట్లాడటం వస్తుందా లేదా అన్నది ఎన్-400 ఫారంలోని ప్రశ్నలు అడుగుతూనే చూస్తారు. మా ఇంటి మాక్ ఇంటర్వ్యూలో అసలు ప్రమాదం ఇక్కడే బయటపడింది. పాప అడిగింది, మీరు ఎప్పుడైనా టెర్రరిస్టు సంస్థలో సభ్యులుగా ఉన్నారా అని. అమ్మ చిరునవ్వుతో తల అటూ ఇటూ ఊపి, "యెస్ యెస్" అంది. ప్రశ్న అర్థం కాలేదు, మర్యాదకు అవునంది.

"హావ్ యూ ఎవర్" అని మొదలయ్యేవి చెడ్డ పనుల గురించి అడిగేవి, వాటికి సాధారణంగా "నో" అని చెప్పించాం. అలాగని అన్నిటికీ నో అంటే కుదరదు. చివర్లో రాజ్యాంగాన్ని సమర్థిస్తారా, ఓత్ అర్థమైందా, ప్రమాణం చేయడానికి సిద్ధమా అని అడుగుతారు. అక్కడ "యెస్" రావాలి. అందుకే వరుస బట్టీ పట్టించకుండా టెర్రరిస్ట్, అరెస్ట్, ఓత్, అలీజియన్స్ లాంటి పాతిక ముప్పై మాటలకు తెలుగులో అర్థం చెప్పండి. ఓత్ అంటే ఏమిటని ఆఫీసర్ అడిగే అవకాశం కూడా ఉంది, "ప్రామిస్" అంటే చాలు. ఎప్పుడైనా అరెస్టయినా, ట్రాఫిక్ టికెట్ పడినా, ఇలాంటి కంఠతా జవాబుల జోలికి పోకుండా లాయర్‌తో ముందే మాట్లాడండి.

మన తల ఊపు ఇక్కడివాళ్లకు అవునో కాదో అర్థం కాదు. తల కదపకుండా నోటితో చెప్పడం సాధన చేయించండి. నవ్వులాటగా ఉంటుంది గానీ, మా అమ్మకు అన్నిటికంటే కష్టమైంది అదే.

ఆ రోజు, ఒకవేళ తప్పితే

పాస్‌పోర్టులు పాతవీ కొత్తవీ, గ్రీన్ కార్డు, ఇంటర్వ్యూ నోటీసు ముందు రోజే సంచిలో పెట్టండి. పేరు అడిగితే గ్రీన్ కార్డు మీద ఉన్న వరుసలోనే చెప్పాలి. ఇంటిపేరుతో మొదలుపెట్టే అలవాటు ఉన్న నాన్నలకు గుర్తు చేయండి. కారులో కొత్త ప్రశ్నలు అడగకండి, పాటలు పెట్టండి.

తప్పితే అప్లికేషన్ అక్కడితో పోదు. 60 నుంచి 90 రోజుల్లోపు మళ్లీ పిలుస్తారు, తప్పిన భాగం ఒక్కటే మళ్లీ అడుగుతారు. సివిక్స్ పోయి ఇంగ్లీషు పాసయితే మళ్లీ సివిక్సే. రెండోసారీ పోతే అప్లికేషన్ తిరస్కరిస్తారు. మళ్లీ కొత్తగా వేస్తే తేదీ కొత్తదవుతుంది కాబట్టి, అంతకు ముందు పాత వంద ప్రశ్నలు రాసినవాళ్లకు కూడా అప్పుడు 128 తప్పవు. పాత టెస్టు చేతిలో ఉన్నవాళ్లు రెండో అవకాశాన్ని తేలిగ్గా తీసుకోవద్దని చెప్పేది అందుకే.

అమ్మను పద్నాలుగు అడిగారు, పన్నెండు చెప్పింది. హామిల్టన్‌ను అడగనే లేదు. "అంత కష్టపడి నేర్చుకుంటే వాడి ఊసే లేదు" అని ఇప్పటికీ సణుగుతుంది.

పాసయ్యాక ఒక్క సంగతి. ఓత్ తీసుకునేటప్పుడు గ్రీన్ కార్డు తిరిగి తీసేసుకుంటారు. ఇండియా రెండు పౌరసత్వాలను ఒప్పుకోదు కాబట్టి ఆ రోజు నుంచి ఇండియన్ పాస్‌పోర్టు మీద ప్రయాణం చేయకూడదు, దాన్ని సరెండర్ చేయాలి. తర్వాత ఓసీఐకి, అంటే విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకు ఇండియా ఇచ్చే కార్డుకు, అప్లై చేసుకోవచ్చు. ఆ కార్డులు మొదట ఇచ్చింది 2006 జనవరిలో, మన హైదరాబాద్‌లో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లోనే. అమెరికన్ పాస్‌పోర్టు రావాలి, ఆపైన వీసా గానీ ఓసీఐ గానీ చేతికి రావాలి. అందుకని ఓత్ అయిన రెండు వారాలకే తెనాలిలో మేనల్లుడి పెళ్లి అని టికెట్ మాత్రం ముందుగా కొనేయకండి.